చింతపండుతో తోమిన చక్రాలు

మా ఇంట్లో స్కేట్‌బోర్డు మొదట చేసిన పని గ్యాస్ బండను మోయడం.

పెళ్ళయి మెట్టుగూడకు వచ్చినప్పుడు నా బట్టల పెట్టెతో పాటు దాన్నీ తెచ్చుకున్నాను. మా అత్తమ్మ ఎల్లమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇదేందే పిల్లా, పీటకు చక్రాలున్నయ్?" అంది. నేను నోరు తెరిచేలోపే గేటు దగ్గర సిలిండర్ దింపి పోయారు. ఆమె బండను దాని మీద నిలబెట్టి వంటింటి దాకా నెట్టుకుంటూ పోయింది. "మంచి సామాను తెచ్చినవ్ బిడ్డా, నా నడుం బతికింది" అని మెచ్చుకుంది కూడా. ఆ పూట నుంచి అది బండ పీట. బియ్యం బస్తా వచ్చినా అదే, నీళ్ళ డబ్బా వచ్చినా అదే.

అది పీట కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కొత్త కోడల్ని. పైగా ఏమని చెప్పాలి?

మా అమ్మ బొల్లారంలో ఒక మిలిటరీ ఆఫీసరు ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి పిల్ల ప్రిసిల్లా సాయంత్రాలు కంటోన్మెంటు రోడ్ల మీద ఈ బోర్డు వేసుకుని తిరిగేది. నేను వెనకాల ఉరికేదాన్ని. ఒకరోజు తను దిగి నన్నెక్కించింది. వాళ్ళకు బదిలీ అయినప్పుడు బోర్డు నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ నడుం పట్టేసి మంచాన పడింది. వాళ్ళ తర్వాత ఆ ఇంట్లోకి వచ్చినవాళ్ళకు వండటానికి అమ్మ బదులు నేను పోవాల్సి వచ్చింది. బడి అక్కడితో ఆగింది. బోర్డు ఆగలేదు. పని ముగించుకుని, చున్నీ నడుముకు బిగించుకుని, దాని మీదే ఇంటికి వచ్చేదాన్ని. ఆ వాలులో గాలి చెవుల్లో మోగుతుంటే రేపటి బెంగ, అమ్మ బెంగ ఏవీ నా వెంట రాలేకపోయేవి.

అనుపమ పుట్టాక ఆ బెంగలన్నీ వెతుక్కుంటూ వచ్చాయి. దానికిప్పుడు ఐదేళ్ళు. అది మెట్లు దిగుతుంటే నేను ముందే రెండు మెట్లు కిందికి దిగి చేతులు చాచి నిలబడతాను. అన్నంలో మిరియం కనిపిస్తే తీసేస్తాను, గొంతుకు అడ్డం పడుతుందేమోనని. "నువ్వు దాన్ని పెంచుతలేవే, కాపలా కాస్తున్నవ్" అంటుంది అత్తమ్మ.

మళ్ళీ బోర్డెక్కడం కూడా నేను అనుకుని చేసింది కాదు. ఒకరోజు ఖాళీ బండను గేటు దగ్గర దింపి వెనక్కి వస్తుంటే కాలు దానంతట అదే పైకెక్కింది. వాకిట్లో ఒక చుట్టు తిరిగాను. ఎదురింటి పిల్లలు చూశారు. మర్నాడు గేటు ముందు నిలబడి, "ఆంటీ, మాకు సుత నేర్పు" అన్నారు. అట్లా షురూ అయింది. మా ఆయన రాఘవేందర్ ట్రాలీ ఆటో నడుపుతాడు. సామాను దింపడానికి పోయిన చోట ఎవరో అటక మీద పడేసిన బోర్డులు ఒకటీ అరా పట్టుకొచ్చాడు. సాయంత్రాలు మా కిటికీ ఎదురుగా ఉన్న ఖాళీ సిమెంటు జాగాలో క్లాసు. నలుగురు పిల్లలు, నలుగురు తల్లులు, వాళ్ళందరి కంటే ఎక్కువగా భయపడే నేను.

నా దగ్గర మొదటి పాఠం పడటం. పాత పరుపు వేసి, బోర్డు ఎక్కకముందే పడటం నేర్పుతాను. చేతులు చాపకూడదు, మణికట్టు విరుగుతుంది. మోకాళ్ళు వంచి, చేతులు ఛాతీకి ముడిచి, భుజం మీదుగా దొర్లాలి. అది బాగా వచ్చాకే బోర్డు. నా కూతుర్ని మాత్రం ఆ పరుపు దరిదాపులకు కూడా రానివ్వలేదు. కిటికీలోంచి చూడమన్నాను.

అత్తమ్మకు ఇదంతా నచ్చలేదు. నేను పెళ్ళయ్యాక జనరల్ బజార్‌లో చీరల దుకాణంలో పనిచేశాను, అనూ పుట్టినప్పుడు మానేశాను. ఆ దుకాణం ఆయన పండగ తర్వాత రమ్మని మళ్ళీ కబురు పెట్టాడు. అత్తమ్మ తేల్చి చెప్పింది: "దసరా దాక చూస్త. నీ ఆట నిలబడితె సరే. లేకుంటె దుకాణం పోవాలె. మంది పిల్లల్ని దొర్లిస్తనని నీ పిల్లను నా మీద వదిలిపోతె, నేనెన్ని దినాలు కాస్త?"

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. వాడకట్టు పిల్లలిచ్చే చిల్లరతో అది నిలబడదని నాకూ తెలుసు. అప్పుడే మా ఆయన యాప్రాల్ నుంచి ఒక మాట మోసుకొచ్చాడు. అక్కడి ఒక అపార్టుమెంటుకు సామాను వేసినప్పుడు, పిల్లలు ఫోన్లు వదలడం లేదని సెక్రటరీ పద్మనాభం గారు వాపోయారట. ఈయన నా గురించి చెప్పాడు. దసరా మర్నాడు ఆదివారం, పొద్దున పదింటికి వచ్చి చూపించమన్నారు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే ప్రతి శనివారం, ఆదివారం వాళ్ళ వాకిట్లోనే, నెలకింత ఫీజుతో క్లాసు. ఒప్పుకోకపోతే నేను దుకాణంలో చీరలు మడతపెట్టాలి. దుకాణం పని చెడ్డదని కాదు. ఒకసారి అందులో పడితే బోర్డు మళ్ళీ బండ కిందికే పోతుందని నాకు తెలుసు.

సద్దుల బతుకమ్మకు అనూను తీసుకుని బొల్లారం పోయాను. దసరా సాయంత్రం తిరిగొచ్చేసరికి వాకిట్లో ఆటో కడిగి, బంతిపూల దండ వేసి ఉంది. ఏటా అట్లాగే ఉంటుంది. కాని దాని పక్కన వరసగా నా బోర్డులున్నాయి. ఒక్కోదానికి పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల మీద అక్షింతలు చల్లి ఉన్నాయి. ముందు కొబ్బరి చిప్పలు.

"ఇవెందుకు పెట్టినవ్ అత్తమ్మా?" అన్నాను.

"ఎందుకేందే? ఆయుధపూజ నాడు పనిముట్లకు బొట్టు పెట్టకుంటె ఎట్ల? వానికి ఆటో ఎట్లనో నీకు గివి అట్లనే."

పనిముట్లు. ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, అంటూనే నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, అనూ మొహం కడగడానికి లోపలికి పోయింది. నేను అక్కడే నిలబడ్డాను. అప్పటిదాకా ఆమె నోట అవి బండ పీటలు, ఆటసామాను, నెత్తి పగిలే చెక్కలు. నా మొగుడు కూడా ఎన్నడూ ఆ మాట అనలేదు. నేనూ అనుకోలేదు. బొట్టు చెదురుతుందని ఆ రాత్రి వాటిని ముట్టుకోలేదు.

పొద్దున లేచి, ట్రాలీలో పెడదామని ఒకదాన్ని కాలితో నెట్టాను. కదల్లేదు. అక్షింతలు అడ్డం పడ్డాయేమోనని వంగి దులిపాను. చక్రం పట్టుకుని తిప్పితే గర్రుమని సగంలో ఆగింది. ఇంకోటి చూశాను. అన్నీ అంతే. వేలికి ఎర్రటి తుప్పు అంటింది.

"అత్తమ్మా, వీటిని దేంతోని కడిగినవ్?"

"దేంతోనంటె? చింతపండుతోని. ఆ ఇనుపయి నల్లగుంటె దేవుని ముందు ఎట్ల పెడ్తం? అటు రాత్రంత టబ్బుల నానబెట్టి, తెల్లారి పీచేసి తోమిన. ఇత్తడి బిందె లెక్క మెరిసినయ్. జెర చూడు!" అని కొంగుతో ఒక చక్రం నడిమిని తుడిచి చూపించింది. నిజంగానే మెరుస్తోంది, బయటకు. లోపల ఉండే బేరింగుకు నీళ్ళే పడవు, ఇక చింతపండు పులుసులో రాత్రంతా నానితే ఏం మిగులుతుంది?

"ఏమైందే, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లే అత్తమ్మా. మంచిగున్నయ్."

మా ఆయన వచ్చి ఒక చక్రం తిప్పాడు. ఆయనకు వెంటనే తెలిసిపోయింది. "అమ్మా, నువ్వు..." అనబోతుంటే మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆటో వెనకాలకు తీసుకుపోయాక, "చెప్పకు. పండగపూట ఏడుస్తది" అన్నాను.

"మరి అక్కడ ఏం జేస్తవ్? ఎత్తుకోని చూపిస్తవా?"

"ఒకదాన్ని బాగు చేస్త. టైం అంతకే ఉంది."

ఏ ఒకదాన్ని? నా బొల్లారం బోర్డు బాగుచేస్తే నేనెక్కి వాకిలంతా చుట్టి రాగలను, చూసినవాళ్ళు నోళ్ళు తెరుస్తారు. దానిమీదికే చెయ్యి పోయింది కూడా. కాని వాళ్ళు చూడాలనుకునేది నా విద్య కాదు, తమ పిల్లలు ఏమవుతారన్నది. నేనైనా అదే చూస్తాను. అన్నిటికంటే చిన్నదాన్ని తీసుకున్నాను. ఆటో పానాల్లో ఒకటి నట్టుకు సరిగ్గా పట్టింది. బేరింగులు ఊడదీసి, డీజిల్‌లో ఆడించి, గుడ్డతో తుడిచి, పక్కింటి కుట్టు మిషను ఆయిల్ అడిగి వేశాను. చక్రాలు తిరిగాయి. చప్పుడు చేసినా తిరిగాయి. ట్రాలీలోకి ఎక్కించేటప్పుడు మిగతావీ ఎక్కించాను, ఖాళీ చేతులతో పోలేక.

"నేను సుత వస్త. పిల్లను ఎవరు చూస్తరు?" అని అత్తమ్మ పండగ చీరతోనే ముందు సీట్లో కూర్చుంది, ఒళ్ళో అనూ. వెనక ట్రాలీలో పరుపు, హెల్మెట్లు, మోకాలి మెత్తలు, బోర్డులు, నేను. దారంతా ఒకటే అనుకున్నాను: ఆమె ముందు బయటపడకుండా ఉంటే చాలు.

యాప్రాల్‌లో ఆ వాకిలి నేను కలలో కోరుకునే లాంటిది. నున్నటి సిమెంటు, కొసన కాస్త వాలు. పిల్లలు చాలామందే వచ్చారు. వాళ్ళ వెనక తల్లులు, ఒక్కొక్కరి చెయ్యి తమ పిల్ల భుజం మీద. ఆ చేతులను నేను గుర్తుపట్టాను. నావే అనిపించాయి.

పరుపు పరిచి పడటం చూపించాను. పద్మనాభం గారు కళ్ళద్దాలు సర్దుకుని, "అదేంటమ్మా, పడటం నేర్పుతున్నారు? పడకుండా ఉండటం నేర్పాలి గానీ" అన్నారు. అందరూ నవ్వారు.

"పడకుండా నేర్పడం నాకు రాదండి. పడ్డా ఏం కాకుండా నేర్పుత" అన్నాను.

ఆయన నవ్వలేదు, కాదనీ అనలేదు. పిల్లలు పరుపు మీద దొర్లడం మొదలుపెట్టారు. బాగానే నడుస్తోంది అనుకునేంతలో ఆయన పక్కనున్న బోర్డును బూటుతో ఇలా నెట్టారు. కదల్లేదు. మళ్ళీ నెట్టారు.

"ఇదేంటమ్మా, కదలట్లేదే?"

"బేరింగులు తుప్పు పట్టినయ్ సార్."

"చూపించడానికి వస్తూ అది కూడా చూసుకోకపోతే ఎలాగమ్మా? రేపు పిల్లలు ఎక్కాక ఏ చక్రమో ఊడితే ఎవరు బాధ్యులు?"

సరైన ప్రశ్నే. ఆయన చోట ఉంటే ఆ ప్రశ్న నేనే అడిగేదాన్ని. జవాబు చెప్పాలంటే అత్తమ్మ పేరు ఎత్తాలి. అంతలో నా వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"తుప్పెట్ల పడతది సారూ? నిన్న గాక మొన్న నేనే తోమిన. చింతపండుతోని."

ఆమె వచ్చి వంగి చక్రం తిప్పింది. గర్రుమంది. ఇంకోటి తిప్పింది. తర్వాత నా వైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా అడిగింది: "నా వల్లనేనా?"

నేను తల దించుకున్నాను.

"చెప్పకపోతివేమే?"

"ఎట్ల చెప్పాలె అత్తమ్మా. నువ్వు బొట్టు పెట్టినవ్."

అప్పుడు తల్లుల్లోంచి ఒకావిడ ఫక్కున నవ్వింది. పద్మనాభం గారి భార్య లీలాకుమారి గారు. "అయ్యో, మీరేం బాధపడకండి. మా అత్తగారైతే ఆయుధపూజకి ఈయన ల్యాప్‌టాప్ మీద పసుపునీళ్ళు చల్లి, హారతి కూడా ఇచ్చారు. అది మళ్ళీ కళ్ళు తెరవలేదండీ!"

"ఇప్పుడదెందుకు లీలా" అన్నారు పద్మనాభం గారు.

"ఎందుకేంటండీ, ఆవిడని మీరు ఒక్క మాటన్నారా? కంపెనీ వాళ్ళే నకిలీ చార్జర్ ఇచ్చి పాడుచేశారని వాళ్ళతో పోట్లాడారు!"

ఈసారి నవ్వు వాకిలంతా పాకింది. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. ఆ తిరగని చక్రం మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

"ఒకటి తిరుగుతది" అని చిన్న బోర్డు ముందు పెట్టాను. "ఎవరన్నా పాపను గానీ బాబును గానీ పంపండి, నేను చేతులు పట్టుకుంట."

ఒక్కరూ పంపలేదు. భుజాల మీద చేతులు ఇంకాస్త బిగిశాయి. లీలాకుమారి గారు మెల్లగా అడిగారు: "మీ పాప ఎక్కి చూపిస్తుందా అండీ?"

"అది ఎక్కదమ్మా" అంది అత్తమ్మ. "దాని తల్లికి భయం."

ఆమె దెప్పలేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. కాని ఆ మాటతో అందరి చూపూ నా మీదికి వచ్చింది. నేను అనూ కోసం చూశాను. అది అప్పటికే హెల్మెట్ వెనకది ముందుకు పెట్టుకుని బోర్డు పక్కన నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో.

పోయి హెల్మెట్ సరిగ్గా తిప్పి, పట్టీ బిగించి, మోకాళ్ళకు మెత్తలు కట్టాను. రెండు చేతులూ పట్టుకుని ఎక్కించాను. "మోకాళ్ళు వంచు. నన్ను చూడకు, ముందుకు చూడు." నెమ్మదిగా నడిపించాను. చక్రాలు గరగరమంటూ కదిలాయి. వాలు మొదలయ్యే చోటికి వచ్చాం.

"అమ్మా" అంది అనూ.

"భయమైతుందా? దిగుతవా?"

"కాదు. నా వేళ్ళు నొస్తున్నయ్."

చూసుకుంటే దాని వేళ్ళు నా పిడికిట్లో తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వదిలాను.

అది పోయింది. గౌను ఎగురుతూ, చేతులు చెరో వైపు చాచి, వాలులో పోయింది. కొసన సిమెంటు అతుకు దగ్గర చక్రం తట్టుకుంది. బోర్డు ఆగింది, పిల్ల ఆగలేదు.

నేను ఉరికాను. నాలుగు అంగలు వేశానో లేదో, అత్తమ్మ నా చున్నీ పట్టి ఆపింది. "ఆగు. లేస్తది."

అనూ చేతులు ఛాతీకి ముడిచి, భుజం మీదుగా ఒక దొర్లు దొర్లి, వెల్లకిలా పడి ఆకాశం చూస్తోంది. తర్వాత లేచింది. మోచెయ్యి తిప్పి చూసుకుంది. "ఏం తాకలే నానమ్మా!" అని అరిచింది, నాకు కాదు, ఆమెకు.

"గదెట్ల వచ్చిందత్తమ్మా దానికి?"

"నువ్వు బయట చెప్తుంటె కిటికీలకెల్లి చూసి రోజు మంచం మీదికెల్లి దొర్లుతది. నేను కింద దుప్పట్లు పరుస్త. వద్దంటె వింటదా? నీ బిడ్డనే కద." చున్నీ ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.

అనూ బోర్డు చంకన పెట్టుకుని పైకి నడిచొచ్చింది. "మళ్ళ" అంది.

ఆ తర్వాత ఏమైందంటే, లీలాకుమారి గారు చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, తుప్పు పట్టిన బోర్డు దగ్గరికి వచ్చారు. "ఇది కదలదు కదండీ? అయితే నేనెక్కుతాను." అత్తమ్మ భుజం పట్టుకుని ఎక్కి నిలబడ్డారు. "పెద్దమ్మగారూ, వదలకండేం" అంటూనే మోకాళ్ళు వంచారు. ఆవిడను చూసి ఇంకో తల్లి వచ్చింది. కదలని దాని మీద నిలబడటానికి పిల్లల్ని పంపడం ఎవరికీ కష్టమనిపించలేదు. నిలబడటం, వంగడం, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం, అన్నీ ఆ కదలని వాటి మీదే చెప్పాను. నిజం చెప్పాలంటే మెట్టుగూడలో ఈ ముక్క నేర్పడానికి నేను చాలా పాట్లు పడేదాన్ని. కాళ్ళ కింద చక్రం జారుతుందన్న భయంతో పిల్లలు నా మాట సగమే వినేవారు.

వచ్చేటప్పుడు పద్మనాభం గారు గేటు దాకా వచ్చారు. "శనివారం రండమ్మా. ఒక నెల చూద్దాం. చక్రాలు ముందురోజే చూసుకోండి, మరి."

"రెండు తిరగనివి కూడా ఉంచమనండి" అని వెనక నుంచి అరిచారు లీలాకుమారి గారు.

మధ్యాహ్నం అన్నాలు తినగానే బేరింగులన్నీ ఊడదీసి, గిన్నెలో డీజిల్ పోసి వేశాను. అత్తమ్మ పాత చీర పేలికలు పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను తీసి ఇస్తుంటే ఆమె ఒక్కోదాన్ని తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పి విని పక్కన పెడుతోంది.

"ఆ దుకాణపాయనకు ఫోన్ చేసి చెప్పు. ఎదురుచూస్తుంటడు, పాపం" అంది.

"ఏమని చెప్పాలె?"

"నా కోడలుకు వేరే పని ఉన్నదని చెప్పు." ఇంకో బేరింగు తీసుకుంది. "వచ్చే దసరకు మళ్ళ పూజ చేస్త. నువ్వేమన్నా సరే."

"చెయ్యి అత్తమ్మా. బొట్టు పెట్టు. నీళ్ళు మాత్రం పొయ్యకు."

"చింతపండు సుత వద్దంటవ్."

"పప్పుచారు పెట్టుకుందాం."

అప్పుడు నవ్వింది, ఆ రోజుకు మొదటిసారి.

నా భయం పోయిందని చెప్పను. శనివారం యాప్రాల్‌లో అనూ బోర్డెక్కినప్పుడల్లా నేను వేరే పిల్లల వైపు తిరిగి నిలబడ్డాను. చక్రం చప్పుడు ఆగితే మాత్రం తల దానంతట అదే తిరుగుతుంది. తర్వాతి శుక్రవారం గ్యాస్ బండ వచ్చింది. గేటు దగ్గర దింపి పోయారు. అత్తమ్మ పోయి దాని పక్కన నిలబడి, గోడకు ఆనించి ఉన్న బోర్డుల వైపు చూసింది.

"నా పాతది తీస్కో అత్తమ్మా. ఏం కాదు" అన్నాను కిటికీలోంచి.

"వద్దుతియ్. రేపు నీకు పనికి కావాలె" అని, నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, బండను కాస్త వంచి, దాని అంచు మీదే దొర్లించుకుంటూ వంటింటి వైపు నడిచింది. నేను చేతిలో పని పడేసి, రెండో వైపు పట్టుకోవడానికి బయటికి ఉరికాను.